సిలికాన్ జర్మేనియం గూర్చి ఒక విశ్రాంత గుమాస్తా నాలుగు మాటలు

(చౌడేపల్లెలో జరిగిన పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం. సభ్యులు కొందరు కోరినందున ఈ ప్రత్యేక సంచికలో పూర్తిగా ప్రచురిస్తున్నాము.)



డిసెంబరు 17 అనగానే మనకు 1982లో సుప్రీంకోర్టు ఇచ్చిన నకారా కేసు తీర్పు జ్ఞాపకం వస్తుంది. ఏటా ఈ సభలో ఆ తీర్పు గూర్చి, డి.ఎ. బకాయిల గూర్చి మాట్లాడుకుంటాము. ఈసారి కార్యదర్శిగారు నాతో, "బకాయిల సంగతి వేరేవాళ్లు చెబుతారు, మీరు ఏదైనా కొత్త విషయం చెప్పండి సార్" అన్నారు. నేను విషయం పేరు చెప్పగానే ఆయన కొంచెంసేపు మాట్లాడలేదు. తరువాత "పదిహేను నిమిషాలు చాలునా?" అన్నారు. చాలదని మనవి చేసి, అరగంటకు ఒప్పించాను.

నేను రెవెన్యూ శాఖలో 1973లో చేరి 2009లో రిటైరైనవాడిని. నాకు తెలిసింది అడంగలు, చిట్టా, జమాబందీ. సైన్సు చదివింది ఎస్.ఎస్.ఎల్.సి. వరకే. అలాంటివాడు సిలికాన్ జర్మేనియం గూర్చి మాట్లాడటమేమిటని మీకు అనిపిస్తే తప్పులేదు. ఇందుకు కారణం మా మనవరాలు.

ఆ పిల్ల ఎలక్ట్రానిక్స్ ఇంజనీరింగు చదివింది. ఆఖరి సంవత్సరంలో బెంగుళూరులో సాఫ్టువేరు ఉద్యోగం వచ్చింది. అదే సమయంలో గేటు పరీక్ష రాసి, ఎం.టెక్. సీటు కూడా తెచ్చుకున్నది. చిప్పులు తయారుచేసే పదార్థాల గురించిన చదువు. అక్కడ నెలకు పన్నెండు వేల నాలుగు వందల స్టయిపెండు. ఇక్కడ దానికి నాలుగింతల జీతం. మా అబ్బాయి, కోడలు ఇద్దరిదీ ఒకటే మాట, "చేతికొచ్చిన ఉద్యోగం ఎవరన్నా వదులుకుంటారా? రెండేళ్లు పోతే పెళ్లీడు కూడా దాటిపోతుంది" అని. పంచాయితీ నా దగ్గరికొచ్చింది. నేనేమో నా గ్రాట్యుటీలో కొంత ఆ పిల్ల పేరుతో పెళ్లికని డిపాజిట్టు వేసి ఉన్నాను.

అప్పుడు ఆ పిల్ల అన్న మాట ఇది: "తాతా, నేను చదవబోయే పదార్థమేమిటో నీకు చెబుతాను. నీకు అర్థమైతే నాయనకు నువ్వు చెప్పు. అర్థం కాకపోతే నేనే నోరు మూసుకొని ఉద్యోగానికి పోతాను." అప్పటినుంచి సంక్రాంతి సెలవులన్నీ మా అరుగు మీద నాకు పాఠమే. నాకు అర్థమైనంత మీ ముందు పెడతాను. తప్పులుంటే అవి నావి, పిల్లవి కావు.

నాకు తెలిసిన వస్తువుతోనే మొదలు పెడతాను. ఈ బల్లమీద ఉన్న ట్రాన్సిస్టరు రేడియో మా అన్న బెంగుళూరులో పనిచేస్తూ 1967లో తెచ్చింది. అప్పట్లో రేడియోకు పోస్టాఫీసులో లైసెన్సు కట్టాలి, మీలో చాలామందికి జ్ఞాపకముంటుంది. కడప కేంద్రం, బెంగుళూరు కేంద్రం బాగా వచ్చేవి. 1971 యుద్ధం వార్తలకు వీధివీధంతా మా అరుగుమీదే. అయితే దీనికొక జబ్బు ఉండేది. ఎండాకాలం మధ్యాహ్నం అరుగుమీద పెడితే గొంతు బొంగురుపోయి, కాసేపటికి గురగురమని శబ్దమే మిగిలేది. సాయంత్రం చల్లబడగానే మళ్లీ మామూలే. మా నాయన దీన్ని పుంగనూరుకు తీసుకుపోతే, రేడియోలు బాగుచేసే సాయిబుగారు మూత తీసి చూసి, "సామీ, ఇందులో ఉండేది జర్మేనియం. ఎండ తగిలితే అది ఎవరి మాటా వినదు. నీడన పెట్టుకోండి, రిపేరేమీ లేదు" అని డబ్బు తీసుకోకుండా పంపేశారు. యాభై ఏళ్ల తరువాత మనవరాలు చెప్పిన పాఠంలో సగం, ఆ సాయిబుగారు ఆరోజే చెప్పేశారని ఇప్పుడు తెలిసింది.

జర్మేనియం కథ మనం సంతోషించదగిన ఒక మాటతో మొదలవుతుంది. రష్యా శాస్త్రజ్ఞుడు మెండలీవ్ మూలకాలన్నిటినీ ఒక పట్టికగా పేర్చినప్పుడు, సిలికాన్ కింద ఒక గడి ఖాళీగా మిగిలింది. అక్కడ ఉండవలసిన మూలకాన్ని ఎవరూ చూడలేదు. 1871లో ఆయన దానికి ముందుగానే పేరు పెట్టాడు: ఏక-సిలికాన్. ఆ 'ఏక' మన సంస్కృతం ఏకమే. దాని పరమాణు భారం 72 ఉంటుందని కూడా రాశాడు. పదిహేనేళ్లకు, 1886లో, జర్మనీలోని ఫ్రైబర్గ్‌లో వింక్లర్ అనే ఆయన వెండి ఖనిజంలో దాన్ని పట్టుకున్నాడు. భారం 72.6. సర్వే నంబరు ముందు వేసి భూమి తరువాత కనిపెట్టినట్లున్నది ఈ వ్యవహారం. మన శాఖలో ఇలా కుదిరిన సందర్భం నాకైతే జ్ఞాపకం లేదు.

1947 డిసెంబరులో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో బార్డీన్, బ్రాటెయిన్ చేసిన మొట్టమొదటి ట్రాన్సిస్టరు ఈ జర్మేనియం ముక్కతోనే. మన పక్కనే బెంగుళూరులో భారత్ ఎలక్ట్రానిక్స్ వారు 1962లో జర్మేనియం ట్రాన్సిస్టర్లు చేయడం మొదలుపెట్టారు. ఈ రేడియో లోపల ఉన్న ఏసీ 128 కూడా జర్మేనియమే.

మరి ఎందుకు పోయింది? ఒకటి, వేడి. జర్మేనియంలో ఎలక్ట్రానును కట్టు విడిపించడానికి కావలసిన శక్తి 0.66 ఎలక్ట్రాన్ వోల్టులు. సిలికాన్‌లో 1.12. అందువల్ల కొంచెం వేడికే జర్మేనియంలో ఎలక్ట్రాన్లు కట్టు తెంచుకొని, పిలవకుండా ప్రవాహంలోకి వచ్చేస్తాయి. దాదాపు 75 డిగ్రీలు దాటితే ఆ ట్రాన్సిస్టరు పనికిరాదు. సిలికాన్ 150 దాకా ఓర్చుకుంటుంది. రెండవ కారణం ఇంకా పెద్దది. సిలికాన్‌ను వేడిచేసి ఆక్సిజన్ తగిలిస్తే దానిమీద గాజులాంటి గట్టి పొర తనంతట తానే ఏర్పడుతుంది, అదే దానికి కవచం. జర్మేనియం మీద ఏర్పడే పొర నీళ్లలో కరిగిపోతుంది. 1954లో టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్‌లో టీల్ అనే ఆయన సిలికాన్ ట్రాన్సిస్టరు చేసి చూపించాడు. తరువాత పదిహేను, ఇరవై ఏళ్లలో జర్మేనియం రేడియోల నుంచి తప్పుకున్నది.

అయితే జర్మేనియంలో ఒక గుణం ఉంది. దానిలో ఎలక్ట్రాన్లు సిలికాన్‌లో కంటే వేగంగా పరుగెత్తుతాయి. సిలికాన్ గట్టిది, చవక, అయితే మందగొడి. రెండిటినీ కలిపితే? పాలూ నీళ్లూ కలిసినట్లు ఈ రెండూ ఏ పాళ్లలోనైనా కలుస్తాయి. కలిపితే ఏ లాభమో కాగితం మీద 1957లోనే జర్మనీకి చెందిన క్రోమర్ అనే శాస్త్రజ్ఞుడు రాసిపెట్టాడు. ఆయనకు 2000లో నోబెల్ బహుమతి వచ్చింది.

ఆయన చెప్పిన లాభం నాకు చెరువు కాలువతో అర్థమైంది. ట్రాన్సిస్టరులో ఎలక్ట్రాన్లు ఒక గట్టునుంచి ఇంకో గట్టుకు పోవాలి. మధ్యలో బేస్ అనే సన్నని ప్రదేశం ఉంటుంది. ఉత్త సిలికాన్‌లో ఆ ప్రదేశం సమతలంగా ఉంటుంది. తూము తీసినా వాలులేని కాలువలో నీళ్లు ఎలా అటూ ఇటూ తారాడుతూ పోతాయో, ఎలక్ట్రాన్లు అలా పోతాయి. ఆ బేస్‌లో జర్మేనియం పాలు ఒక పక్క తక్కువ, రెండో పక్కకు పోయేకొద్దీ ఎక్కువ ఉండేటట్లు కలిపారనుకోండి. కాలువకు వాలు తవ్వినట్లవుతుంది. ఎలక్ట్రాన్లు జారుకుంటూ అవతలికి చేరతాయి. వేగమంతా అక్కడిదే. పిల్ల ఈ మాట చెప్పినప్పుడు, "ఓహో, లెవెల్ తీసి కాలువ తవ్వడమా!" అన్నాను. "అంతే తాతా" అన్నది. ఆరోజు నాకు సగం ధైర్యం వచ్చింది.

కాగితం మీద రాయడం 1957లో అయితే, పనిగా చేయడానికి ముప్ఫై ఏళ్లు పట్టింది. ఎందుకు పట్టిందన్నదే నాకు అన్నిటికంటే నచ్చిన భాగం. గుమాస్తాగా పనిచేసినవారికి ఇది బాగా అర్థమవుతుంది.

వేఫర్ అంటే ఏమిటో ముందు చెప్పాలి. అతిశుద్ధమైన సిలికాన్‌ను కరిగించి, ఒకే స్ఫటికంగా పెద్ద దిమ్మెలా పైకి లాగి, అరటికాయ చిప్సు కోసినట్లు పలుచగా కోసిన బిళ్ల. ఇప్పటి పెద్ద బిళ్ల అడ్డకొలత 300 మిల్లీమీటర్లు, మనం అన్నం తినే పెద్ద పళ్లెమంత. మందం మిల్లీమీటరులో ముప్పాతిక. అందులో పరమాణువులు రూళ్ల కాగితంలో గీతల్లా సమానమైన దూరంలో వరుస దీరి ఉంటాయి. సిలికాన్ జర్మేనియం వేఫర్ అనగానే దిమ్మె అంతా కలగలుపు లోహం లాంటిదని నేననుకున్నాను. కాదట. అడుగు బిళ్ల ఉత్త సిలికానే. దాని పైన, తల వెంట్రుక మందంలో వెయ్యోవంతు కన్నా పలుచగా, సిలికాన్ జర్మేనియం పొరను పెంచుతారు. పెంచుతారని ఎందుకన్నానంటే, సైలేన్, జర్మేన్ అనే వాయువులను పంపితే వాటినుంచి పరమాణువులు ఒక్కొక్క వరుసగా వచ్చి, కింది గీతలకు సరిగ్గా కుదురుకుంటూ పేరుకుంటాయి.

చిక్కు ఇక్కడే. జర్మేనియం పరమాణువుల గీతల ఎడం, సిలికాన్ గీతల ఎడం కంటే నూటికి నాలుగు పాళ్లు ఎక్కువ. మనం రెండు కంపెనీల రూళ్ల కాగితాలు ఒకదానిమీద ఒకటి పెట్టి వెలుతురుకు ఎత్తి చూస్తే మొదటి గీతలు కలుస్తాయి. కిందికి పోయేకొద్దీ జరుగుతాయి. పాతిక గీతలు పోయేసరికి ఒక గీత పూర్తిగా తప్పిపోతుంది. పదార్థంలో అలా గీత తప్పిన చోట పగులు లాంటి లోపం ఏర్పడుతుంది. అక్కడ కరెంటు కారిపోతుంది. జర్మేనియం అయిదో వంతే కలిపితే తేడా నూటికి ఒకటి కంటే తగ్గుతుంది. పొర పలుచగా ఉంటే, పై కాగితం కొంచెం నలిగి కింది గీతలకు సర్దుకుంటుంది. పొర మందమైతే ఇక సర్దుకోలేక తెగుతుంది. ఎంత పాలు కలిపితే ఎంత మందం దాకా సర్దుకుంటుందన్న లెక్క దాటకుండా ఉండటమే ఈ విద్య.

ఇంకో చిక్కు వేడి. అప్పటి పద్ధతిలో పొర పెంచాలంటే వెయ్యి డిగ్రీల పైన కాచాలి. ఆ వేడికి నలిగి సర్దుకున్న పొర సర్దుకోవడం మానేస్తుంది. అంత వేడి ఎందుకంటే, సిలికాన్ మీద గాలి తగలగానే పట్టే తుప్పు లాంటి పొర పోవడానికి. ఐ.బి.ఎం. సంస్థలో మేయర్సన్ అనే ఆయన 1980లలో దీనికి దారి కనిపెట్టాడు. బిళ్లను హైడ్రోఫ్లోరిక్ ఆమ్లంలో కడిగితే, పైన హైడ్రోజన్ కప్పుకొని, తామరాకు మీద నీటిబొట్టులా నీళ్లు జారిపోతాయి. అప్పుడు గాలి వెంటనే పట్టదు. ఆ బిళ్లను మహాశూన్యమైన కొలిమిలో పెట్టి, 550 డిగ్రీల దాపులోనే పొర పెంచవచ్చునని తేలింది. అదే సంస్థలో, ఐ.ఐ.టి. బొంబాయిలో చదివిన సుబ్రమణియన్ అయ్యర్‌గారు, సహచరులు 1987లో ఇంకొక పద్ధతిలో పొర పెంచి, సిలికాన్ జర్మేనియం బేస్‌తో ట్రాన్సిస్టరు చేసి లోకానికి చూపించారు. 1990కల్లా అది 75 గిగాహెర్ట్జ్ వేగానికి చేరింది. 1998లో ఐ.బి.ఎం. చిప్పులు పెద్దఎత్తున తయారుచేసి అమ్మడం మొదలుపెట్టింది. 2016లో జర్మనీలోని ఐ.హెచ్.పి. సంస్థ 720 గిగాహెర్ట్జ్ దాకా తీసుకుపోయింది.

వేగానికి గాలియం ఆర్సెనైడ్ అనే పదార్థం అంతకు ముందే ఉంది. అది ఖరీదు, పెళుసు, దాని కర్మాగారమే వేరు. సిలికాన్ జర్మేనియం గొప్పదనం ఏమిటంటే, ఉన్న సిలికాన్ కర్మాగారంలోనే, ఆ బిళ్ల మీదే, మామూలు సిలికాన్ ట్రాన్సిస్టర్ల పక్కనే దీన్నీ చేసుకోవచ్చు. కొత్త ఆఫీసు కట్టకుండా ఉన్న ఆఫీసులోనే కొత్త సీటు వేసినట్లు.

ఇది మనకెక్కడ తగులుతుంది? మీ జేబులోని ఫోను దారి చూపిస్తుంది గదా, ఆ ఉపగ్రహాల సంకేతం ఫోనుకు చేరేసరికి ఎంత బలహీనమంటే, ఒక వాటును నూరు కోటి కోట్ల భాగాలు చేస్తే అందులో ఒక భాగం. దాన్ని రొద కలవకుండా మొట్టమొదట అందుకొని పెద్దది చేసే బుల్లి చిప్పు చాలా ఫోన్లలో సిలికాన్ జర్మేనియంతో చేసినదే. అన్నిటిలోనూ అని చెప్పను. ముందు పోయే బండిని కనిపెట్టే కారు రాడార్లలో, కేబుల్ గుండా వచ్చే కాంతి సంకేతాలను అందుకునే పరికరాలలో ఇది ఉంటుంది. వేడిలో కరెంటు పుట్టించే గుణం కూడా దీనికి ఉంది. 1977లో, అంటే నేను చేరిన నాలుగేళ్లకు, బయలుదేరిన వాయేజర్ నౌకల్లో ప్లుటోనియం వేడిని కరెంటుగా మార్చేది ఈ సిలికాన్ జర్మేనియమే. మా బ్యాచిలో అందరం ఎప్పుడో రిటైరైనాము, అవి మాత్రం రిటైరు కాలేదు.

ఇంకొక వాడకం చెప్పి ముగిస్తాను. ఇది విన్నాక నాకు రాత్రి నిద్ర పట్టలేదు. ఇంటెల్ సంస్థ 2003లో ట్రాన్సిస్టరుకు రెండు పక్కలా, 17 శాతం జర్మేనియం కలిపిన ముక్కలు పెట్టి, మధ్యలోని సిలికాన్‌ను అదిమింది. అదిమితే దానిలో ప్రవాహం వేగం పుంజుకున్నది. ఇప్పుడు ఇంకా ముందుకు పోయారు. సిలికాన్ పొర, సిలికాన్ జర్మేనియం పొర, మళ్లీ సిలికాన్, ఇలా ఒకదానిమీద ఒకటి పెంచుతారు. ఆ తరువాత సిలికాన్ జర్మేనియం పొరలను మాత్రం రసాయనంతో తినిపించి తీసేస్తారు. సిలికాన్ రేకులు గాలిలో వేలాడుతున్నట్లు మిగులుతాయి. వాటి చుట్టూ నాలుగు పక్కలా ద్వారం కట్టి ట్రాన్సిస్టరు చేస్తారు. 2022లో సామ్‌సంగ్ ఈ పద్ధతిలో చిప్పులు తయారుచేయడం మొదలుపెట్టింది. మిద్దె వేసేటప్పుడు సెంట్రింగు చెక్కలు కొట్టి, స్లాబు గట్టిపడ్డాక ఊడదీస్తాము గదా, ఆ సెంట్రింగు పని ఇక్కడ సిలికాన్ జర్మేనియానిది. పని అయ్యాక ఒక్క రవ్వ మిగలదు. గీతలు తప్పకుండా పేర్చకపోతే మాత్రం పైనున్న స్లాబు ఉండదు.

మొన్న టీ కొట్టు దగ్గర ఈ కథ చెబితే, మన సభ్యులొకరు "అయితే జర్మేనియం కూడా మనలాంటిదే, రిటైరై మళ్లీ కాంట్రాక్టు మీద చేరింది" అన్నారు. నవ్వాను గానీ, ఆ పోలిక నాకు ఒప్పలేదు. జాలిపడి ఎవరూ దాన్ని వెనక్కి పిలవలేదు. సిలికాన్ ఒంటరిగా చేయలేని పని ఎదురైంది, అందుకే పిలిచారు.

అధ్యక్షులవారు గడియారం చూస్తున్నారు. ఒకటి రెండు సంగతులు తొందరగా చెబుతాను. జర్మేనియం గనుల్లో వేరుగా దొరకదు. జింకు ఖనిజాల నుంచి, బొగ్గు బూడిద నుంచి తీయాలి. ఎక్కువగా తీసేది చైనా. 2023 ఆగస్టు 1 నుంచి చైనా దాని ఎగుమతికి అనుమతి తప్పనిసరి చేసింది. మన కేంద్ర ప్రభుత్వం అదే సంవత్సరం ప్రకటించిన 30 కీలక ఖనిజాల జాబితాలో జర్మేనియం ఉంది. హైదరాబాదులోని సీ-మెట్ అనే కేంద్ర ప్రభుత్వ ప్రయోగశాల జర్మేనియాన్ని అతిశుద్ధం చేసే పని మీద కృషి చేసింది. 2025 ఆగస్టు 12న కేంద్ర మంత్రివర్గం ఆంధ్రప్రదేశ్‌కు ఒక చిప్పుల యూనిట్‌ను ఆమోదించింది. పత్రికల్లో చిప్పుల ఫ్యాక్టరీ అని రాశారు. అది చిప్పులను ప్యాకేజింగ్ చేసేది. పంట పండించడం వేరు, పండినదాన్ని మూటకట్టి సంతకు పంపడం వేరు. మూట కట్టడం కూడా పెద్ద విద్యే, కాదనను. పంట పండించే విద్య నేర్చినవాళ్లు మన పిల్లల్లో కూడా ఉండాలి గదా అని మా అబ్బాయితో అన్నాను.

వాడు వెంటనే ఒప్పుకోలేదు. "నాయనా, నువ్వు చెప్పేది బాగానే ఉంది, పన్నెండు వేలతో బెంగుళూరులో ఎట్లా బతుకుతుంది?" అన్నాడు. న్యాయమైన ప్రశ్నే. హాస్టలు, భోజనం, రాకపోకలు అన్నీ కాగితం మీద వేశాను. నెలకు మూడు వేలు తగ్గుతుంది. రెండేళ్లకు డెబ్భై రెండు వేలు. పెళ్లి డిపాజిట్టు గడువు తీరకముందే తీస్తే వడ్డీ కొంత పోతుంది, అదీ లెక్క వేశాను. మా కోడలు ఆ కాగితం తీసుకొని చాలాసేపు చూసి, "అంతేనా మామయ్యా, నేను ఇంకా ఎక్కువనుకున్నాను" అన్నది. మరుసటి సోమవారం బ్యాంకుకు పోయి సంతకం పెట్టి వచ్చాను. పిల్ల చేరి అయిదు నెలలైంది. మొన్న ఫోను చేసి, మొదటిసారి తన చేత్తో పెంచిన పొర గీత తప్పిందని ఏడ్చింది. ఎంత మందం వేశావమ్మా అని అడిగాను. చెప్పింది. "లెక్క దాటినావు గదమ్మా" అన్నాను. ఏడుపు ఆపి నవ్వింది.

నాకిచ్చిన అరగంట దాటింది, క్షమించాలి. ఈ రేడియో వెనుక మూత తీసి ఇక్కడే పెడుతున్నాను. భోజనాలకు లేచేముందు చూడదలచినవారు చూడవచ్చు. చిన్న డబ్బాల్లా, మూడేసి కాళ్లతో ఉన్నవే జర్మేనియం ట్రాన్సిస్టర్లు. స్పీకరు వైరు మాత్రం పట్టుకోవద్దు, అది తెగితే ఇప్పుడు అతికేవారు పుంగనూరులో లేరు.